తాడు చివర ముడి

1989 మే నెల. దక్షిణ ఫ్రాన్స్‌లో బ్యూక్స్ అనే చోట సున్నపురాతి కొండ. లిన్ హిల్ అప్పటికే ప్రపంచంలోని మేటి శిలారోహకుల్లో ఒకరు, పోటీల్లో వరసగా గెలుస్తున్న మనిషి. ఆ పూట ఎక్కబోయేది ఒళ్ళు వేడెక్కడానికి ఎంచుకున్న సులువైన దారి. నడుముకి ఉన్న హార్నెస్‌లోంచి తాడు దూర్చింది. ఇక ముడి వేయడమే తరువాయి. అంతలో బూట్ల కోసం పక్కకి వెళ్ళింది, అక్కడున్నవాళ్ళతో నాలుగు మాటలు మాట్లాడింది, బూట్లు తొడుక్కుని వచ్చి రాయి పట్టుకుంది. ముడి పడనేలేదు. పైన వేసుకున్న జాకెట్ ఆ చోటుని కప్పేసింది. ఎక్కుతున్నంతసేపూ ఏ తేడా తెలియలేదు, ఎందుకంటే ఎక్కేటప్పుడు తాడుమీద బరువు పడదు. పైకి చేరాక, దిగడానికి తాడుమీద భారం వేసి వెనక్కి వాలింది. తాడు హార్నెస్‌లోంచి సర్రున జారిపోయింది. 70 అడుగులకి పైగా ఎత్తునుంచి పడింది. ఒక చెట్టు కొమ్మలు అడ్డుపడబట్టి బతికింది. మోచేయి కీలు తప్పింది, పాదంలో ఎముక విరిగింది.

నాలుగేళ్ళ తర్వాత, 1993లో, కాలిఫోర్నియాలోని ఎల్ కాపిటాన్ గోడమీద ‘నోస్’ అనే దారిని ఈమే మొట్టమొదటిసారి ‘ఫ్రీ’గా ఎక్కింది. అంటే తాడునీ మేకుల్నీ పడినప్పుడు ఆపడానికే తప్ప, పట్టుకుని పైకి లాక్కోవడానికి వాడకుండా. ఆడా మగా ఎవరూ అంతకుముందు చేయని పని. ఆ మరుసటేడు అదే దారిని ఒక్కరోజు తిరిగేలోపు పూర్తిచేసింది. అలాంటి మనిషి, కొండ దగ్గరికి వచ్చినవాళ్ళకి మొదటి గంటలో నేర్పే ముడి వేయడం మరిచిపోయింది. ఇది వింతేమీ కాదు. కొండ ఎక్కేవాళ్ళ ప్రమాదాల చిట్టా చదువుతూ పోతే, గొప్పవాళ్ళ పేర్లు చాలాసార్లు ఇలాంటి చోట్లే తగులుతాయి.

ముందు ఆ గోడ సంగతి. ఎల్ కాపిటాన్ యోసెమిటీ లోయలో దాదాపు 3,000 అడుగులు నిలువుగా లేచిన గ్రానైట్. మన భువనగిరి ఏకశిల 500 అడుగులకి అటూఇటూ ఉంటుంది. 2014లో ఎవరెస్టు ఎక్కిన మలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ శిక్షణ మొదలైంది ఆ రాతిమీదే. అలాంటివి ఆరింటిని ఒకదానిమీద ఒకటి నిలబెడితే ఎల్ కాపిటాన్ అవుతుంది. వయసులో మాత్రం మనదే పెద్దరికం: తెలంగాణ గ్రానైట్‌కి 250 కోట్ల ఏళ్ళుంటే దానికి 10 కోట్లే. శాన్‌హోసే, ఫ్రీమాంట్ వైపు ఉండే తెలుగువాళ్ళు చుట్టాలు రాగానే చూపించడానికి తీసుకెళ్ళే చోట్లలో యోసెమిటీ ఒకటి. కింద పచ్చికలో నిలబడి ఆ గోడమీద మనుషులున్నారంటే కొత్తగా వచ్చినవాళ్ళు నమ్మరు. టెలిస్కోపులోంచి చూశాక, గోడమీద ఎర్రటి చుక్క కాస్తా వేలాడే మంచమై, దానిమీద ఒకడు కాళ్ళు ఊపుకుంటూ టీ తాగుతూ కనిపిస్తాడు.

ఒక్క రోజులో మామూలుగా పూర్తి కానంత పెద్ద నిలువు గోడలని బిగ్ వాల్ అంటారు. ఎక్కేది అంచెలంచెలుగా. తాడు పొడవుకి మించని ఒక్కో అంచె ఒక పిచ్. నోస్ దారిలో అలాంటివి 31. ముందు వెళ్ళే లీడర్ రాతి పగుళ్ళలో లోహపు సాధనాలు ఇరికిస్తూ, వాటికి కారబైనర్ అనే మూతి ఉన్న కొక్కెం తగిలించి, తన తాడుని అందులోంచి పోనిస్తూ వెళ్తాడు. కింద ఉన్న జోడీ తాడు వదులుతూ, అతను పడితే ఆపుతూ ఉంటాడు. దీన్ని బిలే అంటారు. పిచ్ అయ్యాక లీడర్ గట్టి ఆధారం ఒకటి కడతాడు; అది యాంకర్. రెండోవాడు పైకి మాత్రమే జరిగి కిందికి జారని జూమార్ అనే పిడులతో తాడు పట్టుకుని ఎక్కుతూ, ఇరికించినవన్నీ ఊడదీసుకుంటూ వస్తాడు. తర్వాత నీళ్ళూ తిండీ ఉన్న సంచీని పైకి చేదుతారు. క్లైంబర్లు దానికి ముద్దుగా పెట్టిన పేరు ‘పంది’. ఆ పందిని పదిసార్లు లాగినవాడికి ఆ పేరు మరీ మర్యాదగా ఉందనిపిస్తుంది.

1957 జులైలో మొదలుపెట్టి, విడతలు విడతలుగా గోడమీద దాదాపు 45 రోజులు గడిపి, 1958 నవంబర్ 12న వారెన్ హార్డింగ్, వేన్ మెర్రీ, జార్జ్ విట్‌మోర్ తొలిసారి నోస్ పైకి చేరారు. వెడల్పు పగుళ్ళకి సరిపోయే మేకులు దొరక్క, పారేసిన పొయ్యిల కాళ్ళు తెచ్చి కొట్టుకున్నారు. ఆ పగుళ్ళని ఈనాటికీ ‘పొయ్యికాళ్ళ పగుళ్ళు’ అనే అంటారు. 1960లో రాయల్ రాబిన్స్ బృందం అదే దారిని ఏడు రోజుల్లో ఎక్కింది, 1975లో జిమ్ బ్రిడ్వెల్, జాన్ లాంగ్, బిల్లీ వెస్ట్‌బే ఒక్క రోజులో. ఇప్పటి రికార్డు సంగతి తర్వాత.

ఇంత ఎత్తున వేలాడే మనిషిని చూసి కిందివాళ్ళ గుండె జారేది ఒకే ఊహతో: పట్టు తప్పితే? అయితే తాడుమీద పడటానికి ఉన్న లెక్క మన గుండెకి తెలిసిన లెక్క కాదు. లీడర్ తన కింద ఉన్న ఆఖరి కొక్కేనికి 4 మీటర్లు పైన ఉన్నాడనుకుందాం. పట్టు జారితే కొక్కెం దాకా నాలుగు, దాని కింద మరో నాలుగు, తాడు సాగేది కాక మొత్తం 8 మీటర్లు పడతాడు. అప్పటికి అతనికీ బిలే చేసేవాడికీ మధ్య 40 మీటర్ల తాడు ఉంటే, ఆ పాటు శక్తినంతా 40 మీటర్ల నైలాన్ సాగి మింగేస్తుంది. 8ని 40తో భాగిస్తే 0.2. దీన్ని పతన గుణకం అందాం. ఇప్పుడు అదే 8 మీటర్లు ఇంకోలా చూడండి. యాంకర్ నుంచి బయల్దేరి, మధ్యలో ఒక్క కొక్కెమైనా పెట్టకుండా 4 మీటర్లు ఎక్కి పడ్డాడు. యాంకర్ పక్కనుంచి దూసుకుపోయి దాని కింద ఇంకో 4 మీటర్లు వెళ్ళి ఆగుతాడు. ఆపాల్సిన తాడు నాలుగే మీటర్లు. గుణకం 2. మామూలు బిలేలో అంతకు మించిన పాటు ఉండదు.

పడే దూరం పెరిగితే శక్తి పెరుగుతుంది, నిజమే. కానీ తాడు పొడవు పెరిగితే దాన్ని మింగే నైలాన్ కూడా పెరుగుతుంది. అందుకే ఒంటిమీద పడే గుంజు ఎంత దూరం పడ్డామన్న దానికన్నా ఈ నిష్పత్తిమీదే ఎక్కువగా ఆధారపడుతుంది. తాళ్ళని పరీక్షించేటప్పుడు 80 కిలోల బరువుని 1.7కి పైబడిన గుణకంతో పడేస్తారు. మొదటి పాటులో గుంజు 12 కిలోన్యూటన్లు దాటకూడదు, అంటే సుమారు 1,200 కిలోల బరువు లాగినంత. మనిషి ఒళ్ళు ఎంత తట్టుకుంటుందో చూసి పెట్టిన హద్దు అది. కనీసం అయిదు పాట్లకి తాడు తెగకూడదు. జనపనార తాళ్ళ కాలంలో లీడర్ పడకూడదన్నదే మొదటి సూత్రం, ఎందుకంటే పడితే తాడు తెగేది, లేదా నడుము విరిగేది. నైలాన్ వచ్చాక పడటమన్నది ఆటలో భాగమైంది. నిటారుగా, నున్నగా ఉన్న గోడమీద రెండువేల అడుగుల ఎత్తున 10 మీటర్లు పడటం, నేలకి దగ్గరలో మెట్టులాంటి రాతిమీదికి 3 మీటర్లు పడటం కన్నా చాలాసార్లు మేలు. పైన గాలి తప్ప తగిలేదేమీ ఉండదు.

మరి చనిపోయేవాళ్ళు ఎలా చనిపోతున్నారు? యోసెమిటీలో దశాబ్దాలపాటు రక్షణ బృందంలో పనిచేసిన రేంజర్ జాన్ డిల్ ఈ ప్రశ్నని కూర్చుని లెక్కవేశాడు. 1970 నుంచి 1990 వరకు అక్కడ గాయాలతో చనిపోయిన క్లైంబర్లు 51 మంది. ప్రాణం పోయిన, పోయేదాకా వచ్చిన కేసుల్లో లీడర్ పడటంవల్ల జరిగినవి నాలుగో వంతే. మరో నాలుగో వంతు కావాలనే తాడు లేకుండా ఉన్నవాళ్ళవి. రాళ్ళు పడటంవల్ల పదో వంతు. మిగతా 40 శాతం సాధనాలతో చేసిన చిన్న తప్పులు: ముడి సరిగా వేయకపోవడం, కొక్కెం మూతి తెరుచుకుని ఉండటం, తాడు కొస అయిపోయిందని చూసుకోకపోవడం. చావుల్లో కనీసం 80 శాతం తేలిగ్గా తప్పించగలిగినవేనని అతని లెక్క తేల్చింది. కారణాలుగా మూడు మానసిక స్థితులు చెప్పాడు: తెలియకపోవడం, తేలిగ్గా తీసుకోవడం, ధ్యాస చెదరడం. ఎన్ని పుస్తకాలు వచ్చినా ఈ విషయంమీద ఇంత సూటిగా చెప్పినవి నాకు కనిపించలేదు. తెలియకపోవడం కొత్తవాళ్ళ జబ్బు, చదువుతో పోతుంది. మిగతా రెండూ పాతవాళ్ళవి. అనుభవంతో అవి తగ్గవు సరికదా, ముదురుతాయి.

ఎందుకు ముదురుతాయన్నదే ఈ అధ్యాయంలో అసలు ప్రశ్న.

రాబిన్ హోగార్త్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, అనుభవం నుంచి నేర్చుకునే పరిసరాలని దయగలవనీ దుర్మార్గమైనవనీ రెండుగా విడదీశాడు. దయగలవి తప్పు చేసిన వెంటనే, తప్పు చేసిన ప్రతిసారీ శిక్షిస్తాయి. ఎక్కే నైపుణ్యం అలాంటిదే: వేలు సరిగా పెట్టకపోతే ఆ క్షణమే జారుతుంది, రెండోసారి సరిగా పెడతాం. రక్షణ మాత్రం రెండో రకం. కొస జారిపోకుండా ఆపే ముడిని తాడు చివర వేయకుండా దిగితే ఏమవుతుంది? ఏమీ కాదు. మళ్ళీ దిగితే? ఏమీ కాదు. వందసార్లు దిగినా తాడు నేలదాకా వచ్చే ఉంటుంది. ప్రతిసారీ కొండ ‘నువ్వు చేసింది సరైనదే’ అని చెబుతుంది, ముడి వేయడానికి పట్టే అర నిమిషం దండగని కూడా చెబుతుంది. కొండ చెప్పేది అబద్ధమని తెలిసేది ఒకేసారి, అప్పటికి ఆ పాఠంతో పని ఉండదు.

సామాజిక శాస్త్రవేత్త డయాన్ వాన్, 1986లో పేలిపోయిన చాలెంజర్ అంతరిక్ష నౌక కథని తవ్వి తీస్తే ఇలాంటిదే బయటపడింది. రాకెట్ కీళ్ళలోని రబ్బరు వలయాలు అంతకుముందు ప్రయాణాల్లోనే కాలి అరిగాయి. ఇంజనీర్లు చూశారు, రాసుకున్నారు. నౌక క్షేమంగా తిరిగొచ్చిన ప్రతిసారీ ఆ అరుగుదల లోపంగా కాక, ఉండేదేలే అన్నట్టుగా మారింది. తేడాగా ఉన్నదే మామూలైపోవడం అన్నమాట. ఎవరూ కావాలని నిబంధన మీరలేదు, నిబంధనే మెల్లిగా జరిగింది.

ఇది కొండమీద ఎలా ఉంటుందో 2006 అక్టోబర్ 23న యోసెమిటీలోని లీనింగ్ టవర్ దగ్గర కనిపించింది. టాడ్ స్కిన్నర్ ప్రపంచమంతటా పెద్ద గోడల్ని ఫ్రీగా ఎక్కినవాడు. హార్నెస్ ముందు భాగంలో బిలే లూప్ అని బలమైన గుడ్డ వలయం ఒకటి ఉంటుంది. దిగేటప్పుడు మనిషి బరువంతా దానిమీదే. కొత్త లూప్ కనీసం 15 కిలోన్యూటన్లు, అంటే ఒకటిన్నర టన్ను ఆపాలి. స్కిన్నర్ హార్నెస్ లూప్ అరిగిపోయి ఉంది. దానికి ఎప్పుడూ కట్టేసి ఉంచిన పట్టీలవల్ల అది తిరక్కుండా నిలిచి, ఒకేచోట రాసుకుని అరిగింది. జోడీ కొన్నాళ్ళ ముందే అది చూసి అడిగాడు. స్కిన్నర్‌కీ తెలుసు, కొత్త హార్నెస్ తెప్పించుకుంటున్నాడు కూడా. ఆ రోజు పని ముగించి తాడుమీద దిగుతుండగా లూప్ తెగింది. తాడుకి ఏమీ కాలేదు, యాంకర్‌కి ఏమీ కాలేదు. తెలియకపోవడం ఇక్కడ లేదు, నిర్లక్ష్యమన్న మాట కూడా పూర్తిగా సరిపోదు. నిన్న ఆగింది కాబట్టి ఇవాళ ఆగుతుందని ఆ మనిషి నమ్మాడు. రోజూ అదే బండిమీద, అదే అరిగిన టైరుతో తిరిగే మనం ఆయన్ని తప్పుపట్టే ముందు కాస్త ఆలోచించుకోవాలి.

ఇప్పుడు ధ్యాస చెదరడం. 1987లో డెట్రాయిట్ విమానాశ్రయం నుంచి లేచిన ఒక నార్త్‌వెస్ట్ విమానం రెక్కల వెనక పలకలు దించకుండానే పరుగు తీసింది. వెంటనే కూలి 156 మంది చనిపోయారు; విమానంలో ఉన్నవాళ్ళలో బతికింది ఒక చిన్నపిల్ల. పైలట్లు ఆ పలకల్ని వందలసార్లు దించినవాళ్ళే. రన్‌వేకి వెళ్ళేటప్పుడు చదవాల్సిన చెక్‌లిస్టు ఆ రోజు చదవలేదు, హెచ్చరించాల్సిన యంత్రం మోగలేదు. నాసాలో కీ డిస్ముకెస్ లాంటివాళ్ళు ఇలాంటి మరుపుని ఏళ్ళతరబడి పరిశీలించారు. అలవాటైన పనుల్లో ఒక మెట్టు ఇంకో మెట్టుని గుర్తుచేస్తుంది. తాడు దూర్చడం ముడిని గుర్తుచేస్తుంది, ముడి బిగింపుని. మధ్యలో ఎవరైనా పలకరిస్తే ఆ గొలుసు తెగుతుంది. తిరిగొచ్చేసరికి కళ్ళ ముందు కనిపించేది తర్వాతి పని: బూట్లు వేసుకుని ఉన్నాం, రాయి ఎదురుగా ఉంది, ఎక్కడమే. చేయని పని చేసినట్టే అనిపిస్తుంది, ఎందుకంటే ఎప్పుడూ చేస్తూనే ఉన్నాం. వందసార్లు వేసిన ముడి జ్ఞాపకం, నూటొకటోది కూడా పడిందని అబద్ధం చెబుతుంది. కొత్తగా నేర్చుకున్నవాడికి ఈ బెడద లేదు. వాడు వణుకుతూ, నోటితో లెక్కపెట్టుకుంటూ ముడి వేస్తాడు.

ధైర్యం గురించి మనకున్న అభిప్రాయాల్ని కూడా ఈ దృష్టితో సవరించుకోవాలి. అలెక్స్ హానల్డ్ 2017 జూన్ 3న తాడు లేకుండా ఎల్ కాపిటాన్‌ని ‘ఫ్రీరైడర్’ దారిలో 3 గంటల 56 నిమిషాల్లో ఎక్కాడు. అంతకు ఏడాది ముందు నాడీ శాస్త్రవేత్త జేన్ జోసెఫ్ అతని మెదడుని స్కాన్ చేసింది. మామూలు మనిషిని కలవరపెట్టే బొమ్మలు వరసగా చూపిస్తే, భయానికి సంబంధించిన అమిగ్దలా అనే చిన్న గడ్డలో కదలికే కనిపించలేదు. పోల్చడానికి అదే వయసు క్లైంబర్ని ఇంకొకర్ని స్కాన్ చేస్తే అతని మెదడులో మాత్రం కనిపించింది. అది ఒకే మనిషి మెదడు, ఒకే పరీక్ష. పుట్టుకతోనే అలాగా, ఏళ్ళతరబడి భయంతో కాపురం చేసి అలా అయ్యాడా అన్నది ఆ స్కాన్ చెప్పలేదు. అయినా పత్రికలు ‘భయం లేని మెదడు’ అని సంబరపడ్డాయి.

నన్ను ఎక్కువ ఆకట్టుకున్నది స్కాన్ కాదు, హానల్డ్ పద్ధతి. తాడుతో అదే దారిని ఏళ్ళతరబడి ఎక్కాడు, కష్టమైన చోట్ల ఏ వేలు ఎక్కడ, ఏ పాదం ఏ కోణంలో అన్నది నోట్‌బుక్‌లో రాసుకుని బట్టీ పట్టాడు. 2016 శరదృతువులో తాడు లేకుండా బయల్దేరి, కింది భాగంలోని నున్నటి ఏటవాలు రాతిమీద మనసు ఒప్పక వెనక్కి వచ్చేశాడు. కెమెరాలు తిరుగుతున్నాయి, స్నేహితులు గోడమీద వేలాడుతూ ఎదురుచూస్తున్నారు, అయినా వచ్చేశాడు. ఆ వెనక్కి రావడం నాకు ఆ తర్వాతి ఎక్కడం కన్నా గొప్పగా కనిపిస్తుంది. మరి ఇంత జాగ్రత్తపరుడు అదే ఏడాది మార్చిలో వాషింగ్టన్ రాష్ట్రంలో ఓ చిన్న కొండ దగ్గర వెన్నుపూసలు దెబ్బతీసుకున్నాడు. సులువైన దారి ఎక్కి, తాడుమీద దిగుతున్నాడు. తాడు పొట్టిది. చివర ముడి లేదు. కింద తాడు వదులుతున్నవాళ్ళ చేతిలోని సాధనంలోంచి కొస జారిపోయింది, అతను కొన్ని మీటర్లు పడి రాళ్ళకి కొట్టుకున్నాడు.

బ్రాడ్ గాబ్రైట్ కథ ఇంతకన్నా బాధాకరం. అతను కూడా తాడు లేకుండా కష్టమైన దారులు ఎక్కినవాడు. 2017 అక్టోబర్‌లో జిమ్ రెనాల్డ్స్‌తో కలిసి నోస్‌ని 2 గంటల 19 నిమిషాల 44 సెకన్లలో ఎక్కి రికార్డు సృష్టించాడు. 2019 నవంబర్ 27న మెక్సికోలోని ఎల్ పొట్రెరో చికో దగ్గర ఒక పొడవాటి దారి ఎక్కడం అయిపోయింది, దిగుతున్నారు. 80 మీటర్ల తాడు యాంకర్‌లోంచి దూర్చి, ఇద్దరూ ఒకేసారి చెరోవైపు దిగే పద్ధతి. ఒకరి బరువు ఇంకొకరిని ఆపుతుంది. వేగంగా దిగొచ్చు, కాకపోతే ఒకరు తాడునుంచి ఊడితే రెండోవారికీ ఆధారం ఉండదు. తాడు సరిగ్గా సగానికి పడలేదు. కొసల్లో ముళ్ళు లేవు. గాబ్రైట్ తన వైపు కొస దాటి జారిపోయాడు. జోడీ కూడా పడ్డాడు కానీ కింద ఉన్న మెట్టుమీద ఆగి బతికాడు. గాబ్రైట్‌కి 31 ఏళ్ళు. ప్రాణం పణంగా పెట్టి ఎక్కిన ఏ చోటా కాక, ఎవరైనా దిగగలిగే చోట పోయాడు.

ఇలాంటివి చూసి కొందరు, సాధనాలు మెరుగైన కొద్దీ మనిషి తెగింపు పెరుగుతుంది కాబట్టి మొత్తం ప్రమాదం తగ్గదు అంటారు. 1982లో జెరాల్డ్ వైల్డ్ అనే మనస్తత్వవేత్త దీన్ని సిద్ధాంతంగానే చెప్పాడు: ప్రతి మనిషికీ తనకి సరిపడే ప్రమాదం పాలు ఒకటి ఉంటుంది, ఒకచోట తగ్గిస్తే ఇంకోచోట పెంచుకుంటాడు. మ్యూనిక్ టాక్సీల్లో కొన్నిటికి ఏబీఎస్ బ్రేకులు పెట్టి చూస్తే, ఆ డ్రైవర్లు మరింత దూకుడుగా నడిపారు, ప్రమాదాలు తగ్గలేదు. కొండమీద కూడా పోలిక దొరుకుతుంది. 1970ల్లో రే జార్డిన్ తయారుచేసిన ‘ఫ్రెండ్స్’ అనే స్ప్రింగు సాధనాలు పగుల్లో ఒక్క క్షణంలో ఇమిడిపోతాయి. అవి వచ్చాక, అంతకుముందు ఎవరూ సాహసించని పగుళ్ళు ఎక్కారు. కానీ సిద్ధాంతాన్ని పూర్తిగా ఒప్పుకోవడం నాకు కుదరదు. నైలాన్ తాడు లేని కాలం కన్నా ఉన్న కాలంలో ఒక్కో పాటుకీ చచ్చేవాళ్ళు తక్కువే. పెరిగిన భద్రతలో కొంత తెగింపుకి ఖర్చవుతుంది, అంతా ఖర్చవదు. మన దగ్గర 2024లో తెలంగాణ ప్రభుత్వం గీత కార్మికులకి ‘కాటమయ్య రక్షణ కవచం’ పేరుతో తాళ్ళు, క్లిప్పులు, లెగ్ లూప్‌లున్న కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. అవి కొండలెక్కేవాళ్ళ సాధనాలకి చుట్టాలే. కిట్ ఉన్నంత మాత్రాన తాడిచెట్టు ఎక్కేవాడు అజాగ్రత్తగా ఎక్కుతాడని నేననుకోను. తెల్లారేలోగా ఎన్నో చెట్లు ఎక్కాల్సినవాడికి ప్రతి చెట్టు కింద అది తొడుక్కోవడానికి ఎంతసేపు పడుతుంది అన్నదే ఆ కిట్ భవిష్యత్తుని తేలుస్తుంది. మోకు బుజాన వేసుకుని వెళ్ళేవాడికి సమయం కూలిలోనే ఉంది.

సమయం అనగానే నోస్ రికార్డు దగ్గరికి రావాలి. వేగంగా ఎక్కేవాళ్ళు ఇద్దరూ ఒకేసారి కదులుతారు, మధ్యలో ఇరికించే సాధనాలు తగ్గిస్తారు. అంటే పతన గుణకం, పడే దూరం రెండూ పెరిగేలా తామే ఎంచుకుంటారు. 2017 అక్టోబర్‌లో క్విన్ బ్రెట్ నోస్‌మీద వేగంగా ఎక్కుతూ వంద అడుగులకి పైగా పడి, నడుము కింది భాగం చచ్చుబడింది. 2018 మేలో, అదే దారిని వందకి పైగాసార్లు ఎక్కిన హాన్స్ ఫ్లోరిన్ పడి కాళ్ళు విరగ్గొట్టుకున్నాడు. 2018 జూన్ 2న ఎల్ కాపిటాన్ కింది భాగంలో, ఎంతో అనుభవమున్న ఇద్దరు స్నేహితులు కలిసి పడి చనిపోయారు. నాలుగు రోజుల తర్వాత, జూన్ 6న, హానల్డ్, టామీ కాల్డ్‌వెల్ నోస్‌ని 1 గంట 58 నిమిషాల 7 సెకన్లలో ఎక్కి రెండు గంటల హద్దు దాటారు. వేగాన్ని ఊరికే తిట్టిపోయడం సరికాదు. తుఫానుల్లో గోడమీద చిక్కుకుని చలికి చనిపోయినవాళ్ళూ ఎల్ కాపిటాన్ చరిత్రలో ఉన్నారు, త్వరగా పైకి చేరడం వాళ్ళని కాపాడేది. కానీ వాన ముంచుకొస్తుందని తొందరపడటం వేరు, గడియారం చూసి తొందరపడటం వేరు. ఆ రెండో తొందరలో రక్షణని కొండ తీసుకోదు, మనిషే తీసేసుకుంటాడు.

మరి ముడులు మరవకుండా బతికినవాళ్ళు ఏం చేస్తారు? గట్టివాళ్ళని దగ్గర్నుంచి చూస్తే వాళ్ళ జాగ్రత్తలో ఆలోచన తక్కువ, చేతుల పని ఎక్కువ. ముడి మొదలుపెడితే పూర్తయ్యేదాకా పలకరు. ఎవరైనా పలకరిస్తే వినిపించనట్టే ఉంటారు. మర్యాదకి కొంచెం లోటే. ఎక్కేముందు జోడీలు ఒకరి ముడిని ఒకరు కంటితో కాదు, వేలితో తడిమి చూస్తారు, ఎందుకంటే కన్ను చూడాలనుకున్నదే చూస్తుంది. కారబైనర్ తగిలించాక మూతి నొక్కి చూస్తారు. మూతి మూసుంటే 20 కిలోన్యూటన్లు ఆపే లోహం, తెరుచుకుని ఉంటే 7కే చేతులెత్తేయొచ్చు. యాంకర్ దగ్గర ఒక తాడునుంచి ఇంకో తాడుకి మారేటప్పుడు, కొత్తదానిమీద ఒళ్ళంతా వేసి వేలాడి చూశాకే పాతది విప్పుతారు. జూమార్లతో ఎక్కేవాళ్ళు కొంత దూరానికోసారి తాడుని ముడివేసి హార్నెస్‌కి తగిలించుకుంటారు. జూమార్లు రెండూ ఊడినా ఆ ముడిదాకానే పడతారు. పోర్టాలెడ్జ్ అనే ఆ వేలాడే మంచంమీద నిద్రపోయేటప్పుడు హార్నెస్ విప్పరు, నిద్రమత్తులో లేచినా తాడు నడుముకే ఉంటుంది. చెంచా, బూటు, సీసా, ప్రతిదానికీ ఓ దారం. పైనుంచి జారిన చిన్న వస్తువైనా కింది జోడీ నెత్తిమీద రాయితో సమానం.

వీటిలో ఒక్కటీ తెలివికి సంబంధించినది కాదని గమనించండి. ధైర్యవంతుడికీ పిరికివాడికీ, అలసినవాడికీ ఉల్లాసంగా ఉన్నవాడికీ ఒకేలా పనిచేసేటట్టు కట్టినవి. ఇవాళ భయమేస్తోందా లేదా అని అడగవు. మరో మంచి అలవాటు కూడా ఉంది, అది కొండమీద కాదు, కాగితంమీద. అమెరికన్ ఆల్పైన్ క్లబ్ 1948 నుంచి ఏటా ప్రమాదాల నివేదిక ప్రచురిస్తోంది. బతికి బయటపడ్డవాళ్ళు చాలామంది తమ తప్పు తామే రాస్తారు. కొండ నేర్పని పాఠం ఇతరుల పాట్ల నుంచి నేర్చుకోవడానికి ఇంతకన్నా చవకైన మార్గం లేదు. ఆ నివేదికల్లో ఏటేటా కనిపించే శీర్షిక ఒకటుంది: తాడు కొస దాటి జారిపోవడం.

ముడి అంత సులువైతే అందరూ ఎందుకు వేయరు? దానికీ ఓ కారణముంది, సోమరితనం ఒక్కటే కాదు. గాలి గట్టిగా వీస్తుంటే కిందికి విసిరిన తాడు పక్కకి కొట్టుకుపోతుంది, ముడి పగుల్లోకో చెట్టు కొమ్మలోకో దూరి ఇరుక్కుంటుంది. చీకటిపడే వేళ ఒకసారి అలా చిక్కుపడ్డవాడు మళ్ళీ ముడి వేయడానికి జంకుతాడు. దానికి పాతకాపులు కనిపెట్టిన దారి, తాడుని అసలు విసరకపోవడం. కొసల్లో ముళ్ళు వేసి, తాడుని చుట్టలుగా మడిచి హార్నెస్‌కే ఇరువైపులా వేలాడదీసుకుంటారు, దిగుతున్న కొద్దీ కొంచెం కొంచెంగా వదులుతారు. కింద యాంకర్‌కి చేరాక తాడు లాగేముందు, రెండు ముళ్ళూ విప్పామా అని ఒకరు అడుగుతారు, ఇంకొకరు రెండు కొసలూ చేత్తో పట్టి చూపిస్తారు. విప్పడం మరిచి లాగితే ముడి పై యాంకర్‌లో బిగుసుకుపోతుంది. దిగాల్సిన పిచ్‌లు ఇంకా మిగిలే ఉంటాయి, తాడు మాత్రం పైనే ఉండిపోతుంది.